ఎకో పలక

పాట లేకుండా పడవ ఒడ్డుకు వచ్చిందంటే మా ఎసుక్రోమ్ తీరంలో కుక్కలు కూడా నిద్రలేచి కూర్చుంటాయి. చేపలు పడ్డా పడకపోయినా మోకు లాగేటప్పుడు పాట ఉండాల్సిందే. ఏమీ పడని రోజున ఇంకా గట్టిగా పాడతారు. ఒకసారి ఫీఫీ అనేవాడు ఖాళీ పడవను లాగుతూ ఎంత గట్టిగా పాడాడంటే, కేప్ కోస్ట్ నుంచి బేరగాళ్ళు వ్యాన్లు వేసుకుని వచ్చేశారట. నమ్మేవాళ్ళు నమ్మొచ్చు. ఆ బుధవారం పొద్దున అరబా పడవ వచ్చినప్పుడు మాత్రం పాట లేదు. ఫీఫీ నోరు కూడా మూసుకునే ఉంది.

అరబా తట్టలు పేర్చుకుని ఒడ్డున నిలబడి ఉంది. మొగుడు పోతూ ఆమెకు వదిలింది ఒక పడవ, ఒక ఇంజను, ఒక వల, వాటిని నమ్ముకున్న పన్నెండుమంది మనుషులు. పడవ పక్కన ఎర్ర రంగుతో 'ఎవరికి చెప్పుకోను' అని రాసి ఉంటుంది. అది మొగుడు పెట్టిన పేరే. పెళ్ళయిన కొత్తలో పెట్టాడు కాబట్టి తన మీదే అయి ఉంటుందని అరబా నవ్వుతూ చెప్పేది.

ముందు సరంగు క్వామినా నీళ్ళలోకి దూకాడు. వెనకాల ఇద్దరు, వల లాగే ఎకోను మోసుకొచ్చారు. అతని కుడిచేతికి ఎవరిదో చొక్కా చుట్టి ఉంది. ఆ చొక్కా ఏ రంగుదో ఇక చెప్పలేం.

వల సగం పైకి రాకముందే తెల్లటి ట్రాలర్ ఒకటి మీదికి వచ్చిందట. దాని దారి నుంచి తప్పుకోవడానికి క్వామినా ఇంజను వేశాడు. వల మోకును చేతికి చుట్టుకుని లాగుతున్నాడు ఎకో. మోకు బిగిసింది. అంతే.

"ఇంజను నేనే వేశానక్కా. వాడి చేతికి మోకుందని చూడలేదు. పాపం నాదే," అన్నాడు క్వామినా. మోకాళ్ళ మీద కూలబడి ఇసుక నెత్తిన పోసుకున్నాడు.

అరబా కొంగుముడి విప్పి, చేపల కోసం దాచిన డబ్బంతా లెక్కయినా పెట్టకుండా ఫీఫీ చేతిలో కుక్కి, టాక్సీ ఎక్కించి పెద్దాసుపత్రికి పంపించింది. వాళ్ళు వెళ్ళాక పడవలో ఉన్న చేపలు ఎండకు మెత్తబడుతుంటే, వచ్చిన ధరకు ఇచ్చేసింది. పడవలోకి వంగి చూస్తే ఎకో కూర్చునే చోట, పక్క పలక మీద, రక్తం ఎండి ఈగలు ముసురుతున్నాయి. ఆ పలక ఎకోది. అంటే నిజంగానే ఎకోది. అదొక కథ.

ఆరు నెలల క్రితం రేడియోలో కొత్త చట్టం గురించి చెప్పడం మొదలుపెట్టారు. పనికి పెట్టుకున్న ప్రతి మనిషితోనూ కాగితం మీద ఒప్పందం ఉండాలి. పనిలో దెబ్బ తగిలితే వైద్యం యజమానిదే. వారానికి ఒక రోజు సెలవు, సెలవంటే నిజంగా సెలవు. సముద్రం ఏమీ ఇవ్వని రోజున కూడా పనివాడికి కనీస కూలి కట్టాలి.

చివరి మాట విని తీరం తీరమంతా నవ్వింది. మంగళవారాలు మా దగ్గర ఎవరూ సముద్రం జోలికి వెళ్ళరు, అది సముద్రుడికి విశ్రాంతి. ఆ రోజు మనుషులు కూర్చుని చిరిగిన వలలు అల్లుతారు. ఇన్నాళ్ళూ దాన్ని సెలవనే అనుకున్నారు. వల అల్లడం కూడా పనేనని రేడియోలో ఎవరో అన్నప్పుడు, అయితే తన అత్త తిట్లు వినడం కూడా పనే, దానికి కూలెవరిస్తారని ఫీఫీ అడిగాడు.

నవ్వని వాళ్ళు ఒక్క పడవ ఉన్నవాళ్ళు. అరబా రాత్రి పడుకుని లెక్క వేసుకునేది. ఇంజను నూనె ఖర్చు, తిండి ఖర్చు తీసేశాక మిగిలింది సగం పడవకి, సగం మనుషులకి. మా తాతలనాటి నుంచీ ఇదే పద్ధతి. మంచి రోజున ఎకో వాటాకి నలభై సెడీలు వస్తాయి, చెడ్డ రోజున కూరకు సరిపడా చేప. మరి చేప లేని రోజున పన్నెండుమందికీ కూలి ఇమ్మంటే తెచ్చేదెక్కడినుంచి? సముద్రుడి తలుపు తట్టి అడగాలా? ఆమె ఎవరినీ దోచుకుని తిన్న మనిషి కాదు. ఆమె ఇంట్లోనూ పొద్దున మొక్కజొన్న కెంకీ ముద్ద, రాత్రి కెంకీయే.

అప్పుడు ఎసిల్ఫీ పెద్దాయన అందరినీ పిలిచాడు. తీరానికి పెద్ద ఆయనే. ఆరు పడవలు, ఐస్ గది, ఇంజను నూనె డిపో ఆయనవే. తన ముందు కూర్చున్న చిన్న పడవల వాళ్ళకి చల్లటి నీళ్ళిప్పించి, తండ్రిలా మాట్లాడాడు. చట్టం పనివాళ్ళున్న వాళ్ళకి. పనివాళ్ళే లేకపోతే చట్టానికి మనతో పనేముంది? మీ మనుషుల్ని మీరు యజమానుల్ని చేసెయ్యండి. తలా ఒక పలక ఇవ్వండి. పడవ అందరిదీ అయితే ఇక కూలెవడు, దొరెవడు?

మా పడవల అడుగు ఒకే మాను తొలిచి చేస్తారు. దాని మీద రెండు పక్కలా పలకలు బిగిస్తారు. ఒక మంగళవారం పొద్దున ఎసిల్ఫీ తెల్లబట్ట భుజాన వేసుకుని వచ్చి, సీసాలో సారా ఇసుక మీద ధారపోసి, సముద్రుణ్ణీ పెద్దల్నీ పిలిచి సాక్ష్యం పెట్టాడు. ఒక్కో మనిషి చెయ్యి పట్టుకుని ఒక్కో పలక మీద పెట్టించాడు. మాటకి తిరుగులేదు. ధార పోసిన మాట మా దగ్గర కాగితం కన్నా గట్టిది.

ఆ నెలంతా పండగే. ఫీఫీ తన పలక మీద చేప బొమ్మ వేసుకుని, ఆ చేప రాత్రిళ్ళు దిగి వెళ్ళి వేరే చేపల్ని పిలుచుకొస్తోందని ఊరంతా చెప్పాడు. అత్తగారిని తీసుకొచ్చి పలక చూపించి, ఇకమీదట తనని అల్లుడుగారూ అనాలన్నాడు. ఆవిడ పలకను అటూ ఇటూ చూసి, దీన్లో ఇంకాస్త నిజాయితీ కనిపిస్తోంది నీకన్నా, అని వెళ్ళిపోయింది. ఎకో మాత్రం సాయంత్రం ఒక్కడూ వచ్చి తన పలకకు కొబ్బరినూనె రాసి వెళ్ళేవాడు.

తర్వాత తెలిసింది యజమాని అంటే ఏమిటో. వల చిరిగితే దారం ఖర్చులో తలా కొంత. ఇంజను పాడైతే తలా కొంత. లాభం మాత్రం ఎప్పటిలాగే సగం పడవకి, అంటే అరబాకే, సగం మనుషులకి. ఆ తేడా ఆమెకి కనిపించింది. మొదటిసారి దారం డబ్బులు వాటాలోంచి కోసినప్పుడు ఆమె చెయ్యి ఆగింది. ఎవరూ అడగలేదు. రెండోసారి ఆగలేదు.

ఆసుపత్రిలో ఎకోకి మూడు వేళ్ళు తీసేశారు. బొటనవేలు, చిటికెనవేలు మిగిలాయి. చెయ్యి మణికట్టు దాకా నల్లబడుతోందని, ఇంకోసారి కొయ్యాలని, అందుకు ముందు డబ్బు కట్టాలని చెప్పారు. శుక్రవారం సాయంత్రం అతని పెళ్ళాం ఎఫువా అరబా ఇంటికి వచ్చింది.

ఎఫువా అంటే అరబాకి పరాయిది కాదు. ఇద్దరి పొగపొయ్యిలూ ఒకే పాక కింద. అరబా మొగుడు పోయినప్పుడు నలభై రోజులు ఆమె పక్కనే పడుకున్నది ఎఫువా. తల గొరిగించింది, అన్నం కలిపి నోట్లో పెట్టింది. అందుకే ఆమె చుట్టూ తిప్పి మాట్లాడలేదు.

"అక్కా, పనోడికి దెబ్బ తగిల్తే యజమాని చూడాలంట కదా. రేడియోలో చెప్పారు. నేను దానం అడగట్లేదు. చట్టంలో ఉన్నదే అడుగుతున్నా," అంది.

అరబా పొయ్యిలోని పుల్లలు సర్దింది. సర్దాల్సినంత ఏమీ లేవు.

"ఎకో పనోడు కాదు కదే. ఆయనా యజమానే. పలకుంది కదా," అంది చివరికి.

ఆ మాట తన నోట్లోంచి వస్తుంటే ఎసిల్ఫీ గొంతులా వినిపించింది ఆమెకే. ఎఫువా తన తట్ట దగ్గరికి లాక్కుంది.

"అట్టాగా. మా ఆయన యజమానా? నాకెవరూ చెప్పలేదే. చెప్పుంటే ఇన్నాళ్ళూ కాస్త మంచి బట్ట కట్టుకుని తిరిగేదాన్ని," అంది.

తట్ట తీసుకుని వెళ్ళిపోయింది. ఆ రాత్రి పొగపాకలో ఎఫువా పొయ్యి వెలగలేదు.

మర్నాడు అరబా ఎసిల్ఫీ దగ్గరికి వెళ్ళింది. ఆయన డిపో ముందు కుర్చీలో కూర్చుని నూనె డబ్బాలు వరసలో పెట్టిస్తున్నాడు. పక్కన బెంచీ మీద ఆయన పడవ మనిషొకడు కాలికి తెల్లటి కట్టుతో కూర్చుని వేయించిన అరటికాయ తింటున్నాడు. నున్నగా, శుభ్రంగా ఉంది కట్టు. దాని మీద వంకర్లు తిరిగిన డాక్టరు సంతకం. అరబా చూపు అక్కడ ఆగింది. ఇంత మంచి కట్టు ఎవరు కట్టించారని అడగబోయి, తను అడగడానికి వచ్చింది వేరే కదా అని మింగేసింది.

పడవలవాళ్ళంతా తలా కొంత వేసే తీరం నిధిలోంచి ఎకో కోసం కొంత ఇప్పించమని అడిగింది. నిధి ఖాళీ అన్నాడు ఎసిల్ఫీ. తర్వాత గొంతు తగ్గించాడు. మంగళవారం లేబరు ఆఫీసరమ్మ వస్తోంది. ఎకో సంగతి ఎవరో ఆమె చెవిన వేశారు. ఒక్క పడవ వాళ్ళెవరైనా సరే, మా మనిషి పనివాడే అని నోరు జారితే, తీరంలోని చిన్న పడవలన్నీ ఒకే వలలో పడతాయి. జరిమానాలు, పాత బాకీలు.

"నువ్వు నా కూతురులాంటిదానివి అరబా. నీ నూనె సంగతి నేను చూసుకుంటా. నువ్వు ఒక్క తలూపితే చాలు," అన్నాడు.

నూనె డిపో ఆయనదే. బయట కొనాలంటే కేప్ కోస్ట్ వెళ్ళాలి, ధర ఒకటిన్నర రెట్లు. ఇంజనుకి నూనె లేకపోతే పడవ వంటచెరకు. అరబా తలూపి వచ్చేసింది.

మంగళవారం ఎప్పటిలాగే మనుషులు ఇసుక మీద వలలు పరుచుకుని అల్లుతున్నారు. లేబరు ఆఫీసరమ్మ చిన్న వయసుది. ఇసుక నిండిన చెప్పులు విప్పి చేతిలో పట్టుకుని వచ్చింది. ఇంకా రెండు తీరాలు తిరగాలట. ఎసిల్ఫీ కుర్చీ వేయించాడు, కొబ్బరిబొండం కొట్టించాడు. అందరూ చుట్టూ మూగారు. వెనకాల, అరబా పడవ నీడలో, ఎఫువా కూర్చుని ఉంది. ఒళ్ళో బట్టలో ఏదో చుట్టుకుని ఉంది.

ఎసిల్ఫీయే అందరి తరఫునా చెప్పాడు. ఈ చిన్న పడవలన్నీ కుటుంబం పడవలమ్మా, తలా ఒక పలక, కావాలంటే సముద్రుణ్ణి అడగండి. వీటిలో పనివాళ్ళెవరూ లేరు. ఆఫీసరమ్మ క్వామినాను అడిగింది, ఎకోకి దెబ్బ ఎలా తగిలిందని. నెత్తిన ఇసుక పోసుకున్న క్వామినా ఇప్పుడు కాళ్ళ దగ్గరి ఇసుక చూస్తూ, ఎవరి పలక దగ్గర వాళ్ళే జాగ్రత్తగా ఉండాలమ్మా అన్నాడు. ఎసిల్ఫీ ఏడో పడవ చేయిస్తున్నాడనీ, దానికి సరంగు క్వామినాయేననీ తీరంలో అందరికీ తెలుసు. అరబాకి కూడా, అప్పుడే, గుర్తొచ్చింది.

ఆఫీసరమ్మ నిట్టూర్చింది. అయితే ఇక్కడ తనకి పనేమీ లేదంది. లేస్తూ, చెప్పులు దులుపుకుంటూ, ఊరికే అన్నట్టుగా ఒక మాటంది. ఒక్క పడవున్న చిన్న యజమానులకి కట్టలేరని తెలిసే చట్టంలో వెసులుబాటు పెట్టారు. మొదటి రెండేళ్ళూ చేప లేని రోజు కూలి అక్కర్లేదు. ఇక ఏ పడవ మనిషికి దెబ్బ తగిలినా, పేరు రాయించి ఉంటే ఆసుపత్రి ఖర్చు సర్కారు నిధిదే. పేర్లు రాయించిన పడవలన్నిటికీ నూనె కూడా చవక. చెయ్యాల్సిందల్లా మొదటి మూడు నెలల్లో మనుషుల పేర్లు చెప్పడం, అంతే. ఒక్క సెడీ ఖర్చు లేదు.

"ఈ తీరంలో మీకందరికీ తెలియజెయ్యమని పెద్దయ్యగారికే చెప్పామండి. ఆయన తన మనుషుల పేర్లన్నీ మొదటి వారమే రాయించుకున్నారు కూడా," అంది.

 అల వచ్చి వెళ్ళింది. అరబాకి బెంచీ మీది తెల్లకట్టు కళ్ళ ముందు మెరిసింది. చవక నూనె డబ్బాలు వరసగా కనిపించాయి. అవే డబ్బాలు తనకి ఏ ధరకి వచ్చాయో గుర్తొచ్చింది. చిన్న పడవలవాళ్ళంతా ఎసిల్ఫీ వైపు చూశారు. ఆయన కొబ్బరిబొండంలోకి చూస్తున్నాడు.

ఇప్పుడు చెబితే? అని ఎవరో గొణిగారు. గడువు దాటిందని ఆఫీసరమ్మ చెప్పింది. ఇప్పుడు పనివాడని ఒప్పుకున్న వాళ్ళు వైద్యం ఖర్చంతా సొంతంగా పెట్టుకోవాలి, దాచినందుకు జరిమానా వేరే. ఆ మాటతో ఎసిల్ఫీ భుజాలు మళ్ళీ వెనక్కి వాలాయి. అంత పిచ్చి ఎవరికుంటుంది?

"పడవమ్మగారూ, మీరు చెప్పండి. ఎకో మీ పనివాడా, యజమానా?" అని అడిగింది ఆఫీసరమ్మ.

పనివాడంటే ఎంతవుతుందో అరబా లెక్క వేసుకుంది. ఇంజను అమ్మాలి. అమ్మినా చాలదు, వల కూడా పోవాలి. మొగుడు పోయాక ఈ ఒడ్డున తనని నిలబెట్టింది అవే. ఆమె తల ఊగింది. అవుననో కాదనో తెలియని ఊగడం. అది చాలన్నట్టు ఎసిల్ఫీ లేచాడు.

అప్పుడు పడవ నీడలోంచి ఎఫువా లేచింది. ఒళ్ళోని బట్ట విప్పింది. మేకులు పీకే గడ్డపార.

"అయితే ఆయన పలక ఆయనకిచ్చెయ్యండి. యజమాని మంచం మీదున్నాడు, పెళ్ళాన్ని నేనొచ్చా," అంది.

ఎవరైనా ఆపుతారని అందరూ అనుకున్నారు. ఆపితే ఎకో యజమాని కాదన్నట్టే. అందుకని అందరూ నిలబడి చూశారు. ఎఫువా నీళ్ళు మోసిన చేతులతో గడ్డపార సందులో దోపి నొక్కింది. మేకు కీచుమంది. ఆ చప్పుడుకి కాకులు లేచాయి. పలక మీద ఎండిన రక్తం పొట్టులా రాలింది. రెండో మేకు రావడం లేదు. ఎఫువా మొత్తం బరువు వేసి వేలాడుతోంది. ఫీఫీ అటు అడుగు వేసి, ఆగి, అరబా మొహం చూశాడు.

రెండో మేకు ఊడిన చప్పుడుకి అరబా నోరు తెరుచుకుంది.

"రాసుకో అమ్మా. ఆ పలక నాది. అన్ని పలకలూ నావే. ఎకో నా దగ్గర పనిచేశాడు. నా పడవ మీద, నా పనిలో దెబ్బ తగిలింది."

ఎసిల్ఫీ ఆమె దగ్గరికి వచ్చి, పలకలిచ్చినప్పుడు సముద్రుడి పేరున ధార పోశామని మెల్లగా గుర్తుచేశాడు.

"పోసింది మీరు పెద్దయ్యా. మీ ఆరు పడవల్లో ఏ పలక ఎవరికిచ్చారో ముందది చెప్పండి," అంది అరబా.

ఆయన డిపో మనిషి వైపు కనుసైగ చేశాడు. ఆ మనిషి వచ్చి అరబా పడవ పక్కన పెట్టి ఉన్న నూనె డబ్బాలు రెండూ ఎత్తుకుపోయాడు. క్వామినా తను అల్లుతున్న వల చివర నేలమీద పెట్టి, ఆ మనిషి వెనకే నడిచాడు.

ఆఫీసరమ్మ రాసుకుంటోంది. అరబా ఎఫువా వైపు వెళ్ళింది. చెయ్యి చాచింది. పలక తిరిగి ఇమ్మనో, మొయ్యడానికి సాయం పడతాననో ఆమెకే తెలియదు. ఎఫువా పలకను నెత్తికెత్తుకుంది.

"మేకులు పీకకముందు చెప్పుండాల్సిందక్కా," అంది. గొంతులో కోపం కూడా లేదు. "ఇంజను అమ్మాక కబురెయ్యి. ఆ డబ్బు ఆసుపత్రికి నేనే తీసుకెళ్ళి కట్టొస్తా. నీ చేత కట్టించను."

ఇళ్ళ సందులోకి వెళ్ళిపోతుంటే చాలా దూరం వరకూ ఆ పలక ఒక్కటే కనిపించింది, కొబ్బరినూనెతో నల్లగా మెరుస్తూ.

జనం విడిపోయారు. అరబా పడవ దగ్గర నిలబడి ఊడిన పలక సందులో చెయ్యి పెట్టింది. అవతల సముద్రం కనిపిస్తోంది, మంగళవారపు సముద్రం, తీరిగ్గా. కాసేపటికి గీకుతున్న చప్పుడు వినిపించింది. ఫీఫీ నత్తగుల్ల ఒకటి పట్టుకుని తన పలక మీది చేప బొమ్మను గీకేస్తున్నాడు. ముందు తోక, తర్వాత కడుపు. మిగిలిన మనుషులు వలలు ఒళ్ళో పెట్టుకుని, అల్లకుండా, అతన్నే చూస్తూ కూర్చున్నారు.